దండగ అరలోని సీసా

మా పిన్ని నోటి నుంచి "తప్పకుండా" అనే మాట నేను ఒక్కసారే విన్నాను. వినకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. రేపు తెల్లారుతుందా అని అడిగితే "ఇప్పటిదాకా తెల్లారుతూనే ఉంది" అంటుందే తప్ప అవునని ఒప్పుకునే మనిషి కాదు. నా పెళ్లిలో అందరూ నిండు నూరేళ్లు చల్లగా ఉండమంటుంటే, ఈవిడ నా చేయి పట్టుకుని "బాగుండే అవకాశం ఎక్కువేనే" అంది. మా అత్తగారు ఆ మాట ఇంకా మర్చిపోలేదు.

ఆవిడ ఉద్యోగం అలాంటిది. వినియోగదారుల కోసం నడిచే ఒక పత్రికలో పనిచేస్తుంది. బజార్లో అమ్మే విటమిన్లు, బలం మాత్రలు, చేపనూనె గోళీలు, వీటి మీద ఎక్కడ ఏ పరిశోధన జరిగినా చదివి, ఏది నిజంగా పనిచేస్తుందో ఏది చేయదో పక్కపక్కన పెట్టి రాస్తుంది. ఎవరైనా "నాకు పనిచేసిందండీ" అన్నారంటే ఆవిడకి ఒళ్లు మండిపోతుంది. "పనిచేసిందో, నీ జలుబు దానంతటదే తగ్గిందో నీకెలా తెలుసు? సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్త పిండి మాత్ర ఇచ్చి, ఎవరికేది అందిందో ఎవరికీ తెలియకుండా చూడాలి. అప్పుడొచ్చి మాట్లాడు" అంటుంది. ఇంట్లో ఆవిడని జడ్జి పిన్ని అంటాం. ఆ పేరుకి ఆవిడ లోలోపల మురిసిపోతుందని నా అనుమానం.

కోర్టు జరిగేది మా అమ్మ వంటింట్లో. నెలకోసారి పిన్ని వస్తుంది. అప్పటికి ఇంట్లోకి కొత్తగా చేరిన సీసాలన్నీ బల్ల మీదికి రావాలి. గోడ బీరువాలో రెండు అరలు ఆవిడవే. పై అర, రుజువు ఉన్నవాటికి. కింద అర, దండగవాటికి, అంటే మంచీ లేదు, చెడూ లేదు, కొనుక్కోవాలని సరదాగా ఉంటే కొనుక్కోండి అన్నవాటికి. మూడో రకానికి అర లేదు, చెత్తబుట్టే.

ఆ ఆదివారం ముందుగా బోనెక్కింది నాన్న సీసా. నాన్న గడియారాలు బాగుచేస్తాడు, మధ్యమధ్యలో సిగరెట్లు కాలుస్తాడు. ఎవరో చెప్పారని బీటా కెరోటిన్ అనే క్యారెట్ రంగు గోళీలు తెచ్చుకున్నాడు.

"బావా, ఇవి పొగతాగేవాళ్లకి ఏళ్ల తరబడి ఇచ్చి చూశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, పెరిగింది" అంది పిన్ని, సీసాని బుట్టలోకి విసిరేస్తూ.

"అంటే గోళీలు మానేస్తే సిగరెట్లు కాల్చుకోవచ్చన్నమాట" అన్నాడు నాన్న.

అమ్మ ఆయన వైపు చూసిన చూపుకి ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. కాన్పు తర్వాత రక్తం తగ్గిందని నేను వాడుతున్న ఐరన్ మాత్రలు పై అరలోకి వెళ్లాయి. చేపనూనె గోళీలు, అన్ని విటమిన్లూ కలిపిన పెద్ద మాత్రలు దండగ అరలోకి. సన్నబడాలని నేను దాచుకున్న గ్రీన్ టీ సారం గోళీలు పిన్ని కంట్లో పడనే పడ్డాయి. "లివర్ పాడై ఆసుపత్రి పాలైనవాళ్లున్నారే, తెలుసా?" అని నా ముందే పారేసింది. నాకు చిర్రెత్తుకొచ్చింది కానీ, జడ్జితో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు.

చివరికి అమ్మ తన సీసాని కొంగు చాటు నుంచి తీసింది. గులాబీ రంగు మూత, దాని మీద ఒత్తైన జుట్టున్న అమ్మాయి బొమ్మ.

అమ్మ కిటికీ తెరలు కుడుతుంది. ఒకప్పుడు ఆవిడ జడ మిషను మీద వాలిపోయి సూదికింద పడుతుందేమోనని ముడి వేసుకునేది. ఇప్పుడు ఆ ముడికి పిన్ను కూడా నిలవదు. తెరల కొలతలకి వచ్చినవాళ్లు మాట్లాడుతూ తన పాపిట వైపు చూస్తారని, మిషను పైనున్న లైటు తీయించి పక్కకి పెట్టించింది. నాకు జాలేసేది, అంతలోనే ఈ వయసులో ఏమిటీ బెంగ అని విసుగూ వచ్చేది.

పిన్ని సీసా వెనక చిన్న అక్షరాలు చదివింది. "బయోటిన్. ఒంట్లో ఈ విటమిన్ తక్కువైతే జుట్టు రాలడం నిజమే. కానీ అలా తక్కువయ్యేవాళ్లు ఎక్కడో గాని ఉండరు. మిగతావాళ్లకి దీనివల్ల జుట్టు పెరుగుతుందనడానికి చెప్పుకోదగ్గ రుజువు లేదక్కా."

"చెడు చేస్తుందా మరి?"

"చెడేముంది? ఎక్కువైంది మూత్రంలో పోతుంది. దండగ, అంతే."

అమ్మ ముఖం విప్పారింది. ఆవిడకి కావలసిన తీర్పు అదే. దండగంటే నేరం కాదుగా.

* * *

ఆ తర్వాత కొన్నాళ్లకి అమ్మకి ఊరికే అలసటగా ఉంటోందని రక్తపరీక్ష చేయించాం. థైరాయిడ్ విపరీతంగా పనిచేస్తోందని రిపోర్టు వచ్చింది. డాక్టరు ఆ కాగితం చూశాడు, అమ్మని చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. అలా ఉన్నవాళ్లకి గుండె దడదడలాడాలట, చేతులు వణకాలట, తిన్నది ఒంటికి పట్టకూడదట. అమ్మ నాడి మామూలుగా ఉంది. కొద్దిగా ఒళ్లు కూడా చేసింది. ఇక చేతుల మాట అంటారా, ఆ సాయంత్రం కళ్లజోడు లేకుండా ఒక్కసారికే సూదిలోకి దారం ఎక్కించింది.

"కొన్ని వారాలాగి మళ్లీ చూద్దాం" అన్నాడాయన.

నేను పిన్నికి చెప్పాను. "అమ్మని చూస్తే అలా లేదు పిన్నీ, రిపోర్టేమో అలా ఉంది."

"ఒళ్లు నాటకాలాడుతుందే. రిపోర్టు ఆడదు" అంది ఆవిడ. ఆవిడ జీవితమంతా ఈ ఒక్క వాక్యం మీదే నడిచింది. నాకు బాగుంది, నాకు బాగాలేదు అని మనుషులు చెప్పే మాటల్లో ఎంత తాలు ఉంటుందో లెక్కలేసి చూపించడమే ఆవిడ పని. కానీ నన్ను ఏదో ఒక పురుగు లోపల తొలుస్తూనే ఉంది. ఎదురుగా ఉన్న మనిషికీ చేతిలో ఉన్న కాగితానికీ పొత్తు కుదరకపోవడం నాకు నచ్చలేదు.

నేను డ్రైవింగ్ నేర్పుతాను. కొత్తగా నేర్చుకునేవాళ్లందరిదీ ఒకటే రోగం. పక్క అద్దంలో చూస్తారు, బండేదీ కనపడదు, టక్కున తిప్పేస్తారు. నేను రోజూ గొంతు చించుకుంటాను. "అద్దంలో లేనంత మాత్రాన రోడ్డు మీద లేదని కాదు నాయనా, మెడ తిప్పి చూడు!"

* * *

ఒకరోజు ఉదయం అమ్మ ఏదో పెద్ద హాలుకి మందపాటి తెరలు కత్తిరిస్తోంది. నేను మామూలుగా పిల్లని దింపడానికి వెళ్లాను. కత్తెర నేల మీద ఉంది, అమ్మ గుడ్డల కుప్ప మీద కూలబడి ఉంది. ముఖమంతా చెమట.

"ఏమైందమ్మా?"

"ఏం లేదే. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది. దవడ కూడా లాగుతోంది."

పిల్లని పక్కింటావిడ చేతిలో పెట్టాను. అమ్మ మంచినీళ్లు అడిగింది, లోపలికెళ్లి చీర మార్చుకొస్తానంది. ఈ స్థితిలో చీరేమిటని అరిచాను. అయినా లోపలికి వెళ్లే వచ్చింది. నేర్చుకునేవాళ్ల కారు, వెనకాల ఎర్ర 'ఎల్' అక్షరం వేలాడుతోంది, దానిలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. జనం ఆ అక్షరం చూసి, నెమ్మదిగా వెళ్లమని చేతులూపుతున్నారు. వాళ్లందరినీ నోరారా తిట్టుకున్నాను.

అత్యవసర విభాగంలో చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. కళ్లకింద చారలు, కానీ మాట మెత్తన. అప్పటికి పిన్ని కూడా ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చింది.

"మందులేమైనా వాడుతున్నారా అమ్మా?"

"ఏం లేవమ్మా" అంది అమ్మ. అంత నొప్పిలోనూ గొంతులో గర్వం. "మా చెల్లెలు అన్నీ మాన్పించేసింది."

పిన్ని తల ఊపింది. నేనూ ఊపాను. మందంటే మందే, దండగది మందెలా అవుతుంది? డాక్టరమ్మ కూడా "ఏమీ లేవు" అని రాసుకుంది.

ఈసీజీలో చిన్న తేడా ఏదో ఉందట, పాతదై ఉండొచ్చట. రక్తం తీశారు. గుండె కండరం దెబ్బతింటే ఒక పదార్థం రక్తంలోకి కారుతుందనీ, అది ఉందో లేదో చూస్తారనీ చెప్పారు. లేదని వచ్చింది. కొన్ని గంటలు కూర్చోబెట్టి మళ్లీ తీశారు. మళ్లీ లేదనే వచ్చింది.

"రెండుసార్లూ నార్మల్" అంది డాక్టరమ్మ. అంటూనే అమ్మ చెయ్యి వదల్లేదు. "ఇప్పుడెలా ఉందమ్మా?"

"బరువు తగ్గింది. కానీ ఏదో తేడాగా ఉంది తల్లీ. చెప్పలేను."

డాక్టరమ్మ మంచాల వైపు చూసింది. ఖాళీ ఒక్కటీ లేదు, నడవాలో కూడా మనుషులు. "ఈ రాత్రికి ఉంచితే..." అని నసిగింది.

అప్పుడు పిన్ని అంది. "అక్కా, ఇది గాలివాటం పరీక్ష కాదు. లోకమంతా దీని మీదే నడుస్తోంది. రెండుసార్లు లేదంటే ఇంకా అనుమానం దేనికి? తేడాగా ఉండటం రుజువు కాదు."

అమ్మ చెల్లెలి ముఖంలోకి చూసింది. తను ఎత్తుకుని పెంచిన చెల్లెలు, ఊరందరి భ్రమలూ వదిలించే చెల్లెలు. "సరే, ఇంటికెళ్దాం" అంది. గ్యాసుకి మందు రాయించుకుని వచ్చేశాం.

* * *

ఆ తర్వాత అమ్మ మంచం మీద పడుకోవడం మానేసింది. మిషను పక్కనున్న కుర్చీలో, వెనక దిండ్లు పెట్టుకుని నిద్రపోయేది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడట్లేదంటే నాన్న దిండ్లు ఎత్తుగా పేర్చేవాడు. వంటింటి నుంచి మిషను దాకా రావడానికి మధ్యలో గోడ పట్టుకుని ఆగేది. పాదాల మీద చెప్పుల పట్టీ గుర్తు లోతుగా పడి అలాగే ఉండిపోయేది.

"మళ్లీ ఆసుపత్రికి వెళ్దామమ్మా" అన్నాను.

"ఏమని వెళ్లాలే? బాగుందని రెండుసార్లు రాసిచ్చారు. మళ్లీ వెళ్లి బాగాలేదంటే నటిస్తోందనుకుంటారు."

నాకు ఏడుపొచ్చింది. ఊపిరి తీసుకోవడానికి కూడా కాగితం అనుమతి అడుగుతోంది నా తల్లి. బయటికి వచ్చి కారులో కూర్చుని పిన్నికి ఫోన్ చేశాను.

"రిపోర్టు..." అని మొదలెట్టింది ఆవిడ.

"నీ రిపోర్టు సంగతి తర్వాత! మనిషి కుర్చీలో కూర్చుని నిద్రపోతోంది పిన్నీ. నేను రోజూ బండి నేర్చుకునేవాళ్లకి చెప్పేదే నీకూ చెప్తున్నా. అద్దంలో కనపడలేదంటే రోడ్డు మీద లేదని కాదు. అద్దానికే ఏదైనా అడ్డం ఉందేమో చూడు."

అంత గట్టిగా ఆవిడతో నేనెప్పుడూ మాట్లాడలేదు. తిడుతుందనుకున్నాను. అటు నుంచి కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత, "థైరాయిడ్ రిపోర్టు కూడా ఒంటితో కలవలేదన్నావు కదూ" అంది. గొంతు మారిపోయింది. "రెండు పరీక్షలు. రెండూ మనిషితో కలవట్లేదు. రెండింటికీ అడ్డం పడేది ఒకటే అయితే..." అని ఫోన్ పెట్టేసింది.

నేను ఇంట్లోకి వెళ్లి అమ్మకి జావ కాచి, ఆవిడ రెండు చెంచాలు తాగేలోపే వీధిలో ఆటో ఆగింది. పిన్ని లోపలికి వచ్చింది. చెప్పులు విప్పలేదు, ఎవరినీ పలకరించలేదు, తిన్నగా బీరువా దగ్గరికి వెళ్లి దండగ అరలోంచి గులాబీ మూత సీసా తీసింది. దాన్ని ఊపి చూసింది. దాదాపు ఖాళీ.

"ఇది నేను చూసిన సీసా కాదక్కా. దీని మీద మోతాదు ఎన్నో రెట్లుంది."

"పెద్దది తెప్పించా" అంది అమ్మ, తప్పు చేసిన పిల్లలా. "పొద్దున రెండు, సాయంత్రం రెండు వేసుకుంటున్నా. నువ్వే కదే దోషం లేదన్నావు. దోషం లేనప్పుడు ఎక్కువ వేసుకుంటే ఎక్కువ పనిచేస్తుందేమోనని."

"ఆసుపత్రికి వెళ్లిన రోజు వేసుకున్నావా?"

"బయల్దేరే ముందు, చీర మార్చుకునేటప్పుడు. ఎప్పుడొస్తామో ఏమోనని ఒక రెండు ఎక్కువే..."

పిన్ని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. నాన్న లోపలి నుంచి వచ్చి, ఏమైందని అడిగాడు. ఆవిడ నా వైపు తిరిగి చెప్పింది, అమ్మ వైపు చూడలేకపోయింది.

"జుట్టు పెరుగుతుందా లేదా అని చూసిన పరిశోధనలన్నీ చదివానే. ఇది వాటిలో ఉండదు. పరీక్షల్లో చేసే గొడవ ఇది. కొన్ని రక్తపరీక్షల్లో వెతికే పదార్థాన్ని పట్టి నిలపడానికి బయోటిన్‌నే వాడతారు. గదిలో ఉన్న కుర్చీలన్నిటిలో ముందే ఎవరో కూర్చుంటే, కావలసినవాళ్లు వచ్చినా నిలబడలేక వెళ్లిపోతారు చూడు, అలాగన్నమాట. రక్తంలో బయోటిన్ నిండా ఉంటే, గుండెది ఉన్నా లేదని చూపిస్తుంది. థైరాయిడ్‌ది తిరగేసిన లెక్క, అక్కడ లేకపోయినా ఉందంటుంది. డాక్టర్లకి హెచ్చరికలు కూడా ఇచ్చారు. నేను వెతకలేదు. దండగ అన్నాక ఇంక వెతికేదేముందనుకున్నా."

"అయితే ఆ రోజు..." అన్నాను.

"ఆ రోజు ఏముందో మనకి తెలియదు. లేదు అని మాత్రం కాదు."

* * *

ఈసారి కారుకున్న ఎర్ర అక్షరం పీకేశాను. పిన్ని వెనక సీట్లో అమ్మని ఒళ్లో ఆనించుకుని కూర్చుంది. అద్దంలో ఇద్దరూ కనపడుతున్నారు. అమ్మ పెదవుల రంగు నాకు నచ్చలేదు. అందుకని అద్దంలోకి చూడటం మానేసి, రోడ్డు మీదే దృష్టి పెట్టాను.

అదే డాక్టరమ్మ ఉంది. పిన్ని సీసాని బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ దాన్ని తిప్పి చదివింది. చదువుతుండగానే ఆవిడ ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. "మందులేమీ లేవన్నారు కదా" అంది. ఎవరినీ నిందించినట్టు కాదు, తనలో తను అనుకున్నట్టు.

"మేమెవరమూ దీన్ని మందనుకోలేదమ్మా" అన్నాడు నాన్న.

వేరే పద్ధతిలో చేసే ల్యాబుకి రక్తం పంపారు. దాని కోసం ఆగకుండా, గుండె మీద యంత్రం పెట్టి తెరమీద చూశారు. నన్ను లోపలికి రానిచ్చారు. నలుపూ తెలుపులో ఏదో ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంది. నాకు తెలిసింది తక్కువే, అయినా ఒక పక్క కదలకుండా బిగదీసుకుని ఉండటం కనపడుతూనే ఉంది. డాక్టరమ్మ వేలితో అక్కడే చూపించింది.

"ఇది ఇవాళ జరిగింది కాదు. మీరు మొదటిసారి వచ్చిన రోజే మొదలై ఉంటుంది. ఇంత ఆలస్యంగా ఎంత వెనక్కి వస్తుందో చెప్పలేను. వెంటనే లోపలికి తీసుకెళ్లాలి."

పెద్ద డాక్టరుకి కబురు వెళ్లింది. అమ్మని చక్రాల మంచం మీదికి మార్చారు. దిండ్లు ఎత్తుగా పెట్టమని అమ్మే అడిగింది. మంచం కదిలే ముందు చేయి చాచింది. నాకోసం కాదు, నాన్న కోసం కాదు. పిన్ని కోసం. మా ఇంట్లో ఏ మాత్ర పనిచేస్తుందో, ఏది చేయదో తేల్చి చెప్పేది ఆవిడే కదా, అందుకని.

"ఏమే, నిజం చెప్పు. తగ్గుతుందంటావా?"

నేను పిన్ని ముఖం వైపే చూస్తున్నాను. అవకాశం ఎక్కువే అంటుందనుకున్నాను. కనీసం సగం సగం అన్నా అంటుందనుకున్నాను. ఏ లెక్క చెప్పినా సరే, ఆ లెక్కని పట్టుకుని ఆ తలుపు బయట కూర్చోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఆవిడ ఇలాంటివి ఎన్ని చదివి ఉంటుందో నాకు తెలుసు. అంత ఆలస్యంగా వచ్చినవాళ్లలో ఎంతమంది ఇంటికి వెళ్లారో, ఎంతమంది వెళ్లలేదో ఆవిడకి నోటికి వచ్చు.

పిన్ని వంగి, అమ్మ పాపిట మీద పల్చటి జుట్టుని వేళ్లతో సర్దింది.

"తప్పకుండా తగ్గుతుందక్కా" అంది. "తప్పకుండా."

అమ్మ ముఖం తేటపడింది. తీర్పు వచ్చేసిందన్నట్టు చేయి వదిలేసింది. మంచాన్ని లోపలికి తోసుకెళ్లారు, తలుపు మూసుకుంది. నాన్న కూడా ఆ మాట విని ఊపిరి పీల్చుకుని, గోడకి చేరగిలి, "చూశావా, మీ పిన్నే అంది" అన్నాడు నాతో.

పిన్ని ఆ గులాబీ మూత సీసాని రెండు చేతులతో పట్టుకుని తలుపు వైపు చూస్తూ నిలబడి ఉంది. చెప్పదగ్గ లెక్క ఒక్కటి ఉన్నా ఆవిడ "తప్పకుండా" అనదని, ఆ నడవాలో ఉన్నవాళ్లందరిలో నాకే బాగా తెలుసు.